బాణం ఎటుందో చూసి

ఇంకా యాభై నాలుగు నిమిషాలట. కంప్యూటర్ అలా రాసింది గానీ కిషన్ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా పెళ్లికార్డులు చేస్తున్నవాడికి నిమిషాల సంగతి ఒకరు చెప్పాలా, ఐదు నిమిషాల్లో వస్తామని పేర్ల చీటీ బల్ల మీద పడేసి పోయిన పెళ్లిపెద్దలు దీపాలు పెట్టాక తిరిగొచ్చిన రోజులు ఎన్ని చూడలేదు. ఆదివారం, మధ్యాహ్నం రెండు దాటింది, కడుపులో మటన్ కూర బరువుగా ఉంది, కిటికీలోంచి నాంపల్లి స్టేషన్ మైకు ఏదో బండి అరగంట ఆలస్యమని మూడు భాషల్లో చెబుతోంది, అవతల నుమాయిష్ మైదానంలో సాయంత్రానికి మైకు సరిచూసుకుంటున్నవాడెవడో హలో హలో అని ఊరికే పిలుస్తున్నాడు, తెర మీద పచ్చగీత ఒకటి చీమ నడక నడుస్తోంది. ఎడమ పక్కన 'దుకాణం' అని ఉంది, కుడి పక్కన 'ఇల్లు' అని ఉంది, మధ్యలో బాణం. దుకాణమంటే అరచేతంత డ్రైవ్. వారమంతా అబిడ్స్‌లో చేసిన పని అందులో ఉంటుంది, శనివారం దుకాణం కట్టేశాక చేతిరుమాల్లో చుట్టుకుని ఖాళీ టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో కూర్చుని ఇంటికొస్తుంది. ఇల్లంటే అదిగో, దేవుడి పటాల కింద గూట్లో నీలం లైటు వెలిగించుకుని కూర్చున్న నల్లడబ్బా. వైరుతో ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించి ఉంటుంది. అక్కడున్నదంతా ఇక్కడా ఉండాలి, ఇక్కడున్నదంతా అక్కడా ఉండాలి, దుకాణానికి ఏమన్నా అయితే ఇల్లు, ఇంటికి ఏమన్నా అయితే దుకాణం. ప్రతి ఆదివారం భోజనమయ్యాక ఈ రెండిటినీ సమానం చేయడం కిషన్ పని. ప్రభావతి దసరాకి ఆ డబ్బాకి కూడా పసుపు కుంకుమ పెట్టింది, ఆ బొట్టు ఫిబ్రవరి వచ్చినా చెరగలేదు.

మూడు వందల చిల్లర ఫైళ్లు బుద్ధిగా పోతున్నాయి. ఒక్కటి మాత్రం ఎర్ర ప్రశ్నార్థకం పెట్టుకుని మొండికేసింది. రెండుచోట్లా మారింది, ఏది ఉంచమంటావు అని అడుగుతోంది. ఆ ఫైలు పేరు వైశాలి పెళ్లి. నవ్వొచ్చింది కిషన్‌కి, ఏడుపూ వచ్చింది. ఊళ్లో పెళ్లిళ్లన్నీ సాఫీగా పోతున్నాయి, తన కూతురి పెళ్లి దగ్గరే దీనికి అనుమానం వచ్చిందా. మిగతావన్నీ అయ్యేదాకా ఆగుతుంది, ఆ తర్వాత అడుగుతుంది, జవాబు చెప్పేదాకా కదలదు. రేపు పొద్దున పదింటికి కార్డు ప్రెస్‌కి పోవాలి, పెళ్లి నెల కూడా లేదు. దుకాణంలో శుక్రవారం సాయంత్రం మార్చింది తను. ఇంట్లో శనివారం పదకొండూ ఇరవైకి మారింది. శనివారం ఆ వేళకి ఇంట్లో ఉన్నది ఎవరు, వైశాలి ఆఫీసుకి పోయింది, ఉన్నది ప్రభావతి ఒక్కతే. కార్డుల్లో తప్పులు దిద్దడానికని పదేళ్ల కిందట తనే టైపు నేర్పాడు ఆమెకి. నేర్పినందుకు ఇదా. ఏం మార్చిందో తెరిచి చూడక్కర్లేదు, తెరవకుండానే తెలుసు, అందుకే తెరవడం లేదు. ఆహ్వానించువారు అన్న మాట కింద ఒక పేరు ఉండదు అతని కార్డులో. ఆమె కార్డులో ఉంటుంది. ఏది ఉంచమంటావు అంటే కంప్యూటర్ అడుగుతున్నది ఫైలు గురించి కాదు, తమ్ముడి పేరు గురించి. నలభై ఎనిమిది నిమిషాలు.

ఆహ్వానించువారు. ఈ ఒక్క మాట కింద ఎన్ని కొంపల్లో ఎన్ని రణాలు జరిగాయో కిషన్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పూలదండా వినాయకుడూ ఎవరికీ పట్టవు, అందరి కళ్లూ నేరుగా అక్కడికే పోతాయి. పేరు పక్కన బి.కాం. లేదని అచ్చయిన కార్డులు వెనక్కి తెచ్చిన మేనమామ ఉన్నాడు. తన పేరు తోడికోడలి పేరు కన్నా ఒక నూలు చిన్నగా పడిందని స్కేలు పెట్టి కొలిచి చూపించిన శంకరమ్మ ఉంది, కొలిస్తే నిజమే, పడింది. మెదక్ నుంచి వచ్చే ప్రేమ్‌రాజ్ గారు బైబిల్ వాక్యం ఎంచడానికి గంటసేపు కళ్లు మూసుకుని కూర్చునేవారు, ఆయన భార్య రత్నమణమ్మ మాత్రం వాక్యం ఏదైనా పెట్టండి సార్, మా చెల్లె పేరు మాత్రం మరువకండి, మాకు మాటల్లేవు గానీ పేరు ఉండాలె అన్నది. మాటల్లేకపోయినా పేరు ఉండాలె. ఆ రోజు చాయ్ తాగుతూ ఆ మాట తమ్ముడికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. దుకాణం పద్ధతి కూడా దానికోసమే పెట్టుకున్నది. ఏ ఇంటి కార్డు చేసినా కొత్తగా మొదలుపెట్టకూడదు, ఆ ఇంటి పాత కార్డు తెరిచి, దాన్లో మార్చాలి, అప్పుడు ఎవరి పేరూ జారిపోదు. అక్క పెళ్లి కార్డులోంచి చెల్లి కార్డు, చెల్లి కార్డులోంచి తమ్ముడి కార్డు, అలా పదిహేనేళ్ల కార్డులు పోగై ఉన్నాయి, ఒక్కటీ పారేయడానికి లేదు, అందుకే కదా ఈ డ్రైవూ ఈ డబ్బా ఈ ఆదివారపు తిప్పలూ. వైశాలి కార్డుకి కూడా పద్ధతి ప్రకారం తమ ఇంటి పాత కార్డే తీశాడు, చెల్లెలి పెళ్లిది, తొంభై ఆరుది, పోయిన వారమే దాన్ని వైశాలి పెళ్లి అని దాచాడు, అది పోయిన ఆదివారం ఇంటికీ వచ్చింది, శుక్రవారం మార్చడానికి తెరిచాడు. కిషన్ - ప్రభావతి, దాని కిందే శ్యామ్‌సుందర్, అప్పటికి పెళ్లికాలేదు వాడికి, పేరు ఒంటరిగా ఉంది. ఆ పేరు పక్కన గీత మినుకుమినుకుమంటూ నిలబడింది. వెనక్కి నొక్కాడు, ఒక్కో అక్షరమే పోయింది. ఇరవై ఏళ్లలో పొరపాటున ఎవరి పేరూ వదలని చేయి కావాలని వదిలిన మొదటి పేరు అది. నొక్కేశాక వేలు చొక్కాకి తుడుచుకున్నాడు, ఎందుకో తెలియదు.

కోపమనుకుంటారు అందరూ. ప్రభావతి కూడా అదే అనుకుంటుంది, మీ కోపం మూడున్నరేళ్లయినా చల్లారలేదా అంటుంది. కోపమైతే ఎంత బాగుండేది, కోపం ఏదో ఒక పండగకి చల్లారేది. ముప్పై తొమ్మిది నిమిషాలు అంది తెర, అంతలోనే మళ్లీ నలభై ఐదు అంది, దీని మాటకేం నిలకడ. నీలం లైటు కొట్టుకుంటోంది. డబ్బా నెత్తిన అంటించిన కాగితం ముక్క అంచులు పసుపెక్కాయి గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు, శ్యామ్ అక్షరాలు కదా, వాడు కరెంటు బిల్లు వెనక రాసినా పటం కట్టించుకోవచ్చు. బాణం ఎటుందో చూసి నొక్కాలె. అంతే ఉంది దాని మీద. ఈ డబ్బా తెచ్చింది వాడే, పెట్టింది వాడే, దుకాణంలో మంటలొస్తే ఏంది అన్నా మన గతి అని ఆర్నెల్లు వెంటపడి ఒప్పించింది వాడే. శ్యామ్ డబ్బా అనేది ప్రభావతి, వాడు వెళ్లిపోయాక కూడా అదే పేరు, శ్యామ్ డబ్బా మీద దుమ్ము తుడవండి, శ్యామ్ డబ్బా లైటు ఆగింది చూడండి అని వారానికి రెండుసార్లు ఆ పేరు ఇంట్లో వినపడుతుంది. ఆమె కావాలనే అంటుందని కిషన్ అనుమానం.

ఆదివారమైతే వాడు ఇంట్లో నిలిచేవాడు కాదు. అబిడ్స్‌లో దుకాణాలన్నీ షటర్లు దించుకున్నాక ఆ మెట్ల మీదా ఫుట్‌పాత్ మీదా పాత పుస్తకాలు పరుస్తారు కదా, వాడి లోకం అది. అందరూ చదవడానికి కొంటారు, వీడు చూడడానికి కొనేవాడు. పాత వారపత్రికలు, యాభైల నాటివి అరవైల నాటివి, అట్ట మీద చేత్తో రాసిన పేర్ల కోసం. ఈ 'శ' చూడన్నా, తోక ఎట్ల తిప్పిండో, ఏ మిషన్‌కు వస్తది గిది, అని దారిలో ఆపి చూపించేవాడు, పక్కనుంచి సిటీ బస్సు చెవులు పగిలేలా హారన్ కొట్టినా వాడికి వినపడేది కాదు. చెయ్యి పట్టి పక్కకు లాగాలి. చిన్నప్పటి నుంచీ అంతే, ఎనిమిదేళ్ల తేడా, నాంపల్లి రైలుగేటు దాటించడానికి పట్టుకున్న చెయ్యి ముప్పై ఏళ్లొచ్చినా వదల్లేదు కిషన్. వాడు చూసుకుంటూ నడిచేది అక్షరాల్ని, తను చూసుకుంటూ నడిచేది వాణ్ని. ఎండలో తడిసిన మెడ, చంకలో నాలుగు పాత పుస్తకాలు, జేబులో ఎప్పుడూ ఓ సగం ఉస్మానియా బిస్కెట్, దాని పొడి వాడి చొక్కాలన్నిటికీ. ప్రభావతి ఉతికేటప్పుడు తిట్టేది, వదినా గా జేబు దులపకు దాన్ల నా బిస్కెటుంది అనేవాడు. ఇప్పుడు ఎవరు దులుపుతున్నారో, సులోచన దులుపుతుందేమో. సులోచనకి ఓపిక ఎక్కువ, పెళ్లయి మూడు నెలలు కూడా ఈ ఇంట్లో ఉండలేదు పాపం, వచ్చిన శ్రావణంలోనే ఆ గొడవైంది.

రెండు వేల ఐదు శ్రావణం. పెళ్లిళ్ల మీద పెళ్లిళ్లు, దుకాణంలో నిలబడే చోటు లేదు, దుకాణం కంప్యూటర్ నిండిపోయి మూలుగుతుంటే డ్రైవ్ మీదే నేరుగా పని చేశారు, ఆరు ఆదివారాలు డబ్బా మొహం చూసినవాళ్లు లేరు. ఏడో ఆదివారం. ముందురోజు జనంలో ఎవరి మోచెయ్యో తగిలి కిషన్ కళ్లద్దాల కాడ ఊడింది. ఫుట్‌పాత్ మీద పుస్తకాల వరస చివర ఓ ముసలాయన గొడుగు కింద కూర్చుని అద్దాలు బాగుచేస్తాడు, ఇటియ్యి నేనెట్లాగూ పోతున్న గదా అని శ్యామ్ చొక్కా జేబులో వేసుకుని పోయాడు, బిస్కెట్ పొడిలో. ఇంట్లో కిషన్ ఒక్కడే. అద్దాల్లేక పేపరు చదవలేడు, టీవీ చూడలేడు, ఆరు వారాలైంది కదా వాడు వచ్చేలోపు ఈ పనైనా చేసిపెడదాం, వాడికి సాయంత్రం సులోచనని ఎక్కడికన్నా తీసుకెళ్లడానికి వీలవుతుంది అనుకున్నాడు. మంచికే అనుకున్నాడు. మసక మసకగా ఎడమ పక్కన ఏదో, కుడి పక్కన ఏదో, మధ్యలో ఓ చిన్న గుర్తు. అంతకు ముందెప్పుడో పాత కార్డు ఒకటి కావాలని ఇంటి నుంచి దుకాణానికి తెచ్చుకున్నారు, బాణం అటే తిరిగి ఉండిపోయింది. చూడలేదు. చూడాలని కూడా తట్టలేదు. నొక్కాడు. నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి, కునుకు కూడా తీశాడు. ఆరు వారాల కిందటి ఇల్లు వచ్చి నిన్నటి దుకాణం మీద కూర్చుంది, ఇంట్లో లేనివన్నీ అక్కర్లేనివనుకుని డ్రైవ్‌లోంచి ఒక్కొక్కటే ఊడ్చేసింది. నలభై మూడు పెళ్లిళ్లు. తను కునుకు తీస్తుండగా.

సోమవారం పొద్దున డ్రైవ్ తెరిస్తే ఆరు వారాల పనిలో ఏమీ లేదు. బల్ల ముందు ఎనిమిది మంది, అందులో ఒకాయనకి నాలుగు రోజుల్లో పెళ్లి. ఆ క్షణాన కిషన్‌కి నిన్నటి మధ్యాహ్నం గుర్తే రాలేదు, ఒట్టు, ఈ మాట తనకు తను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. నోట్లోంచి వచ్చింది తమ్ముడి పేరే. నీ డబ్బానే గదా తిన్నది, చేతగాని పని నెత్తికెందుకు ఎత్తుకుంటవ్, అందరి నోట్లె మట్టి కొడితివి గదరా. అందరూ విన్నారు, వీధిలో పండ్లమ్మే పూలమ్మ కూడా తట్ట దించి చూసింది. శ్యామ్ అన్న మొహం వైపు చూశాడు, చాలాసేపే చూశాడు, పెదవి కదిపాడు, ఏమీ అనలేదు. ఆ చూపు ఇప్పటికీ కిషన్‌కి అర్థం కాలేదు. తర్వాత మూడు రోజులు వాడు ఇల్లిల్లూ తిరిగి పేర్ల చీటీలు మళ్లీ రాయించుకొచ్చాడు, ప్రెస్‌లో చెత్తబుట్ట వెతికి తప్పులు దిద్దిన కాగితాలు ఏరుకొచ్చాడు, నలభై మూడూ మళ్లీ చేశాడు, ఒక్క పెళ్లి ఆగలేదు, ఒక్క పేరు జారలేదు. గురువారం పొద్దున తాళంచెవి బల్ల మీద పెట్టి, పోతున్న అన్నా అన్నాడు. ఎక్కడికో అడగలేదు కిషన్. లక్డీకాపూల్‌లో చిన్న గది కిరాయికి తీసుకున్నాడని, అక్కడా కార్డులే చేస్తున్నాడని తర్వాత వాళ్లూ వీళ్లూ చెప్పారు. వారం గడిచాక, ఇదంతా ఎట్లా జరిగిందో చూద్దామని కంప్యూటర్ తనకు తను రాసుకునే పాత పనుల పట్టీ తెరిస్తే అందులో ఉంది, ఆదివారం, రెండూ ఇరవై, ఇంటి నుంచి దుకాణానికి. రెండూ ఇరవై. అప్పటికి శ్యామ్ అబిడ్స్‌లో ఎండలో నిలబడి ఉన్నాడు, తన అద్దాల కోసం.

ఆ రోజే బస్సెక్కి పోవాల్సింది. లక్డీకాపూల్ ఏమన్నా దేశాంతరమా, నడిచినా ఇరవై నిమిషాలు. పోలేదు. రేపు పోదాం అనుకున్నాడు, రేపటికి ఆదివారం వచ్చింది, ఆదివారానికి దసరా వచ్చింది. చుట్టాల్లో మాట పాకిపోయింది, శ్యామ్ ఏదో తప్పు మీట నొక్కిండట, దుకాణం మునిగేదట, కిషన్ ఎట్లనో నిలబెట్టిండట. కిషన్ ఆ మాట ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు, తలకాయ దించుకుని చాయ్ తాగాడు. ఎంత పెద్దమనిషివయ్యా, తమ్ముడిని పల్లెత్తు మాట అనవు అన్నాడు బావమరిది వామన్‌రావు ఓసారి. ఆ రాత్రి అన్నం దిగలేదు. అప్పటి నుంచీ తమ్ముడి మాట ఎవరెత్తినా మొహం గంటు పెట్టుకోవడం నేర్చుకున్నాడు, అలా పెడితే ఎవరూ ఇంకేం అడగరు. కోపం ముసుగు బాగా పనికొచ్చింది. కానీ కూతురి పెళ్లిలో వాడు వచ్చి పందిట్లో ఎదురుగా నిలబడితే, పదిమందిలో ఎవడో ఒకడు శ్యామ్, ఆనాడు నువ్వు నొక్కింది ఏందిరా అని ఎగతాళికి అంటే, అప్పుడు వాడు మళ్లీ ఆ చూపే చూస్తే? ఆ చూపు ముందు కన్యాదానం నీళ్లు ఎట్లా పోస్తాడు. అందుకు తీశాడు పేరు. వాడి మీద కోపంతో కాదు, వాడి కళ్లంటే భయంతో. ఇంత చిన్న మాట ప్రభావతికి కూడా చెప్పలేదు, ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమెకి చెప్పనిది ఇదొక్కటే. పది నిమిషాలు అంది తెర. ఈసారి నిజమే చెబుతున్నట్టుంది.

"అయిందా?" ప్రభావతి చాయ్ తెచ్చింది. కప్పు బల్ల మీద పెట్టి పోకుండా అక్కడే నిలబడింది, కొంగు వేలికి చుట్టుకుంటూ. తప్పు చేసిన పిల్లలా తెరకేసి చూసి, ఎర్ర గుర్తు చూసి, మొగుడి మొహం చూసింది. "చూసిన్రా?"

"చూడలే."

"చూడున్రి మరి. తిట్టేదుంటే చూసినంక తిట్టున్రి."

తెరిచాడు. ముందు తనది, తర్వాత ఆమెది, పక్కపక్కన. ఆమె కార్డులో కిషన్ - ప్రభావతి, దాని కింద శ్యామ్‌సుందర్ - సులోచన, తన సొంత తమ్ముడు వామన్‌రావుని కూడా వాళ్ల తర్వాతే పెట్టింది. అది అనుకున్నదే. అనుకోనిది పైన ఉంది. పెళ్లికూతురి పేరు దగ్గర మిషన్ అక్షరాలు లేవు. చేత్తో రాసిన పేరు ఉంది, వైశాలి, 'వై' మీద ఐత్వం పిట్ట తోకలా లేచి, 'శా' దీర్ఘం కిందికి జారి, 'లి' గుడి మళ్లీ మొదటికొచ్చి పేరంతటికీ గొడుగు పట్టి. వైశాలి పదో తరగతిలో ఉన్నప్పుడు గీశాడు వాడు. నేలమీద బోర్లా పడుకుని మూడు ఆదివారాలు గీసి, గిది దీని పెళ్లి కార్డు మీదికి, ఇప్పుడే తీసి పెడుతున్న, మర్చిపోవద్దు అన్నా అని కంప్యూటర్‌లోకి ఎక్కించి, దుకాణం కార్డులతో కలవకుండా డబ్బాలో వేరే అరలో దాచాడు. మర్చిపోయాడు అన్న. డ్రైవ్‌లో లేదు అది, ఎప్పుడూ లేదు, శ్యామ్ డబ్బాలోనే ఉంది, ఇన్నాళ్లూ పసుపు కుంకుమ పెట్టించుకుంటూ. ఈ ఆదివారం అలవాటుగా బాణం నొక్కి ఉంటే శుక్రవారం కార్డు వచ్చి ఆమె కార్డు మీద పడేది. చాయ్ మీద మీగడ కట్టింది.

"తప్పా?" అంది ప్రభావతి.

"వాడు నొక్కలే ప్రభా. ఆ దినం నొక్కింది నేను." అనేశాడు. మూడున్నరేళ్లు మోసిన మాట నోట్లోంచి పడడానికి ఎంతసేపు పట్టింది, చాయ్ ఒక గుక్క తాగినంతసేపు. మిగతాది కూడా చెప్పాడు, అద్దాలు, బాణం, పట్టీలో రెండూ ఇరవై, అంతా. ఆమె కుర్చీ చేతి మీద కూర్చుండిపోయింది. స్టేషన్ మైకు బండి వచ్చేసిందని చెప్పింది, ఆలస్యానికి చింతిస్తున్నామని కూడా చెప్పింది.

"గందుకా," అంది చివరికి. "నేను మీ కోపానికి భయపడి సులోచనతోని వంటింట్ల ఫ్యాన్ పెట్టుకొని దొంగతనంగ మాట్లాడిన ఇన్నొద్దులు. మీకు కోపమే లేదా? ఉత్తగ భయమా?" కళ్లనిండా నీళ్లు, మొహంలో మాత్రం పట్టరాని చిరాకు. "మనిషేనా మీరు, చెప్పున్రి, జర సోయి ఉందా?" తిట్టి, ఆయన తలమీద చెయ్యి వేసి జుట్టు సవరించింది. ఆ చేత్తోనే కొంగులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, ఆయన చెవికి పెట్టింది. ఇక్కడ తప్పించుకోవడానికి బాణమేమీ లేదు.

రెండుసార్లు మోగింది. "వదినా" అన్నాడు అవతల శ్యామ్, వెనక జనం గోల, పుస్తకాల బేరాలు, అబిడ్స్‌లోనే ఉన్నాడన్నమాట, ఈ ఆదివారం కూడా. ఇంటికి అంత దగ్గరికి వచ్చి ప్రతి ఆదివారం తిరిగిపోతున్నాడా. "నేనురా" అన్నాడు కిషన్. ఏం చెప్పాలో కూర్చుకోలేదు, చెప్పేశాడు, "ఆ ఆదివారం నొక్కింది నేనే శ్యామ్. నువ్వు కాదు. నేను."

"ఎర్కే అన్నా."

కిషన్ ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. "ఎప్పుడు ఎర్కయింది?"

"గా దినమే. నాలుగ్గొట్టంగ నేనింటికొచ్చిన, డబ్బా లైటు అప్పటికే కొట్టుకుంటున్నది, నువ్వు కుర్చీల నిద్రపోతున్నవ్. అద్దాలు నా జేబుల ఉన్నయ్, డబ్బా కాడ నువ్వున్నవ్. తెల్లారి డ్రైవ్ తెరవంగనే సమజైంది."

"మరి చెప్పలేదేందిరా? అందరి ముందట అంతగనం అంటి, ఒక్క మాట అంటే అయిపోయేదిగా!"

"గంతమంది గిరాకీల ముందట నిన్ను పలుచన చేయాల్నా?" ఎవరో పుస్తకం ధర అడిగారు, ఎవరో చెప్పారు. "తర్వాత నువ్వే చెప్తవనుకున్న. గా దినం సాయంత్రం చెప్తవనుకున్న, తెల్లారి చెప్తవనుకున్న. గురువారం దాకా చూసిన. అటెన్క గీడ కూసొని చూస్తున్న."

ఆ చూపు అదా. అడుగుతున్న చూపు కాదు, తిడుతున్న చూపు కాదు, చెప్పన్నా అని ఆగిన చూపు. కిషన్ ఏడ్చాడు, దాచుకోలేదు, ప్రభావతి ముందే ముక్కు చీదుకుని ఏడ్చాడు. మాటలు వచ్చాక మొదట వచ్చిన మాట దుకాణదారు మాటే, రేపు పదింటికి కార్డు ప్రెస్‌కి పోవాల్నని, అందులో వైశాలి పేరు వాడు రాసిందే ఉందని, రెండు కార్డులున్నాయని, ఒకటే ఉండాలని, నువ్వు రారా అని, అన్నీ కలిపి ఒకేసారి చెప్పాడు.

"వస్తున్న. నడిస్తే పావుగంట," అన్నాడు శ్యామ్, నడక మొదలైనట్టు ఊపిరి ఊగింది. "నీ ముందట ఎర్రగుర్తు ఉన్నదా?"

"ఔ."

"వదిన చేసింది ఉంచాలె గదా. బాణం ఎటున్నది?"

కిషన్ ఆ ఒక్క ఫైలు దగ్గరికి పోయి బాణం తిప్పాడు. ఆనాడు నలభై మూడు పెళ్లిళ్లను ఊడ్చిన వైపే తిరిగింది అది. "ఇంట్లకెల్లి దుకాణానికి."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

"అద్దాలు పెట్టుకున్నవా అన్నా?"

చెయ్యి మొహం మీదికి పోయింది. అద్దాలు నుదుటి మీద ఉన్నాయి, ఏడ్చేటప్పుడు పైకి తోసుకున్నట్టున్నాడు. ప్రభావతి వాటిని తీసి, కొంగుతో తుడిచి, ఆయన కళ్లకు పెట్టింది.

"పెట్టుకున్నరా," అన్నాడు.

"అయితే నొక్కు."